కారు, సైకిలు గుద్దుకుంటే: తప్పు లెక్క, ఇన్సూరెన్సు లెక్క – అపోహలు, వాస్తవాలు

కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన తెల్లారుజామున పాల క్యాన్ల సైకిళ్లు, రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా దిగి ఇంటికి పోయే సైకిళ్లు సర్వీసు రోడ్డు మీద సగం ఎదురు దిశలోనే వస్తుంటాయి. అక్కడ కారు తగిలిందంటే చుట్టూ చేరినవాళ్లు పది నిమిషాల్లో తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పులు నమ్మి నష్టపోయేది రెండు వైపులవాళ్లూ.

అపోహ: పెద్ద బండిదే తప్పు, ఇంక మాటే లేదు.

కేసు కారు డ్రైవరు మీదే కడతారు, చాలావరకు నిజమే. కానీ మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పూర్తి పరిహారం కావాలంటే డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపించాలి. క్రిమినల్ కోర్టులోలా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు. రెండు కథనాల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చూస్తుంది. ఇద్దరి తప్పూ ఉంటే శాతాలు వేస్తుంది. ఆరు లక్షల పరిహారం తేలి, సైకిలు మనిషి తప్పు 25 శాతం అంటే చేతికొచ్చేది నాలుగున్నర లక్షలు.

ఇన్సూరెన్సు లాయరు దగ్గర మూడు వాదనలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి: లైటు లేదు, రాంగ్ రూటు, హెల్మెట్ లేదు. మూడోది మామూలు సైకిలుకు చట్టంలో లేని షరతు, 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే. మొదటి రెండూ నిజమైనా, ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందని చూపాలి. బైకు మీద ముగ్గురు ఎక్కినంత మాత్రాన పరిహారం కోయకూడదని, ఆ తప్పుకూ ప్రమాదానికీ సంబంధం ఉండాలని సుప్రీంకోర్టు 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో చెప్పింది. పగలు పది గంటలకు వెనక నుంచి గుద్దితే లైటు లేకపోవడం లెక్కలోకి రాదు. రాత్రి ఎనిమిదికి చీకట్లో ఎదురు దిశలో వస్తూ తగిలితే వస్తుంది.

మరి ఎటు నుంచి తగిలిందో ఎవరు చెప్పాలి? సాక్షుల కంటే ముందు ఇనుమే చెబుతుంది. వెనక నుంచి గుద్దితే వెనక చక్రం అప్పడంలా మెలికపడుతుంది, క్యారియరు సీటు కిందికి ముడుచుకుంటుంది, ముందు చక్రం బాగానే ఉంటుంది. ఎదురుగా తగిలితే ఫోర్కు వెనక్కి వంగి చక్రం కింది గొట్టాన్ని తాకుతుంది. హ్యాండిలు గొట్టం వెనకాల, రెండు గొట్టాలు కలిసే చోట పెయింటు ముడతలు పడతాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. అద్దం మాత్రమే రాసుకుపోతే హ్యాండిలు చివరి గ్రిప్పు చిరిగి, కారు ఎడమ అద్దం ముందుకో వెనక్కో ముడుచుకుని ఉంటుంది. టేపు పట్టుకుని నేల నుంచి కారు మీద గీత ఎంత ఎత్తులో ఉందో, సైకిలు మీద దెబ్బ ఎంత ఎత్తులో ఉందో కొలిచి, టేపు కనబడేలా ఫోటో తీయండి. ఆ రెండు కొలతలూ కలిస్తే తర్వాత ఎవరూ కథ మార్చలేరు. పంచనామా, మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు తనిఖీ అయ్యేదాకా సైకిలును షాపుకు ఇవ్వద్దు. కారు బంపరు కూడా ఈ లోపు మార్చకూడదు.

అపోహ: తప్పు నాదైతే పైసా రాదు.

మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్ ఉన్నది ఇందుకే. తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే 2.5 లక్షలు కారు ఓనరు గానీ బీమా కంపెనీ గానీ ఇవ్వాలి. తీవ్ర గాయమంటే భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో ఉన్నవే: ఎముక విరగడం, పన్ను ఊడటం, 15 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోవడం లాంటివి. మడమ ఎముకలో సన్న పగులు కూడా ఎముక విరిగినట్టే. అందుకే ఎక్స్‌రే ఫిల్ము పారేయకండి. ఒక మెలిక ఉంది: 164 కింద డబ్బు పుచ్చుకుంటే 166 కింద వేసిన పిటిషన్ పోతుంది. గాయం పెద్దదై, సంపాదన దెబ్బతిన్న మనిషి తొందరపడి 2.5 లక్షలకు సంతకం పెడితే ఎంత నష్టమో లెక్క చూడండి.

38 ఏళ్ల పాల వ్యాపారి, నెలకు 15,000 సంపాదన అనుకుందాం. ఏడాదికి 1,80,000. నలభై లోపు సొంత పనివాడు కాబట్టి భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 2,52,000. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలన్న అంకె, 15. అంటే 37,80,000. సంపాదన శక్తి 20 శాతం తగ్గిందంటే ఆ పద్దు ఒక్కటే 7,56,000. వైద్యం ఖర్చు, నొప్పికి ఇచ్చేది దీనికి అదనం. ఇక్కడ 20 శాతం అన్నది డాక్టరు కాగితం మీద రాసిన అంకె అని చాలామంది పొరబడతారు. అది ఆ మనిషి సంపాదన శక్తి ఎంత తగ్గిందన్న అంకె. కాలికి వచ్చిన వైకల్యం సైకిలు తొక్కి బతికేవాడికి ఒక లెక్క, కుర్చీలో కూర్చుని పనిచేసేవాడికి ఇంకో లెక్క. ఆదాయం చూపించడానికి పాల కేంద్రం చీటీలు, బ్యాంకు పాసుపుస్తకం ఉంటే చాలావరకు గట్టెక్కినట్టే.

అపోహ: ఆసుపత్రిలో ఎలా చెప్పినా ఒకటే.

అన్నిటికంటే ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. పోలీసు కేసు గొడవ ఎందుకని, తోడు వచ్చినవాళ్లు "సైకిలు మీద నుంచి పడ్డాడయ్యా" అంటారు. డ్యూటీ డాక్టరు యాక్సిడెంట్ రిజిస్టరులో అదే రాస్తాడు. ఆరు నెలల తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ ఆ పేజీ తెచ్చి ట్రిబ్యునల్ ముందు పెడుతుంది. నెల్లూరు పెద్దాసుపత్రి అయినా, ఒంగోలు రిమ్స్ అయినా, ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా మొదటి వాక్యం ఇలా ఉండాలి: ఫలానా చోట, ఫలానా టైముకు, ఫలానా నంబరు కారు గుద్దింది. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా, నమోదు చేయమని అడగండి.

ఎఫ్‌ఐఆర్ ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే కేసు చచ్చిపోదు. ఇంట్లోవాళ్లు ముందు మనిషిని బతికించుకుంటారు, స్టేషనుకు తర్వాత పోతారు. సుప్రీంకోర్టు 2011లోనే ఈ మాట అంది. ఆలస్యానికి కారణం మాత్రం ఫిర్యాదులోనే రాయించాలి.

అడ్వాన్సు కట్టందే వైద్యం లేదన్నది కూడా పాత మాట. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద మోటారు వాహనం వల్ల గాయపడిన ఎవరికైనా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం ఉంది.

అపోహ: అక్కడికక్కడే పదివేలు ఇచ్చి కాగితం రాయించుకుంటే గొడవ వదిలిపోతుంది.

కారు వాళ్లకు ఇది రెండువైపులా దెబ్బ. తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా చేయకూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, వీలైనంత త్వరగా, ఎలా చూసినా 24 గంటల్లోపు, పోలీసులకు చెప్పాలి. బీమా కంపెనీకి పాలసీ నంబరు, తేదీ, టైము, చోటు, గాయపడినవాళ్ల వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలు రాతపూర్వకంగా పంపాలి. సైకిలు మనిషికైతే తలలో రక్తస్రావం, ప్లీహం దెబ్బ లాంటివి ఒక్కోసారి రెండో రోజు గానీ బయటపడవు. అప్పటికి చేతిలో పదివేలు, అవతలివాడి చేతిలో సంతకం ఉంటాయి.

అపోహ: కంపెనీకి చెబితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

క్లెయిము వేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే ఆ బోనస్. అది సొంత డ్యామేజీ, అంటే మీ కారు రిపేరు, క్లెయిముకు సంబంధించింది. సైకిలు మనిషి వేసే థర్డ్ పార్టీ కేసు వల్ల అది పోదు. బంపరు గీతకు క్లెయిమ్ వేయకపోయినా ప్రమాదం సంగతి కంపెనీకి చెప్పే తీరాలి.

అపోహ: ఆగి ఉన్న కారుకు బాధ్యత లేదు.

ట్రంకు రోడ్డులో కారు ఆపి చూడకుండా డోరు తీయడం, సైకిలు వచ్చి తగలడం రోజూ ఉండేదే. కారు ఆగి ఉన్నా అది వాహనాన్ని వాడుతున్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. డోరు తీసింది వెనక సీటు పిల్లవాడైనా కేసు ఓనరు, కంపెనీల మీదికే వస్తుంది.

అపోహ: డ్రైవరుకు లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు రాదు.

గాయపడినవాళ్లకు చాలా కేసుల్లో కంపెనీ ముందు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ఆర్డరు వస్తుంది. ఈ వసూలు నోటీసు అందుకున్నాక గానీ చాలామంది ఓనర్లకు తెలివి రాదు. సెకండ్ హ్యాండులో అమ్మేసి ఆర్‌సీ మార్చనివాళ్లు మరీ జాగ్రత్త: రిజిస్టరులో పేరున్నవాడే ఓనరు.

సైకిలు రిపేరు, క్యాన్లు, పగిలిన ఫోను కూడా థర్డ్ పార్టీ ఆస్తి నష్టం కిందికి వస్తాయి. పాత ధర కాదు, షాపు ఇచ్చిన కొటేషను పెట్టండి.

కారు ఆగకుండా పోయి, నంబరు దొరక్కపోతే దారి వేరు. తహసీల్దారు లేదా ఆర్డీఓ దగ్గర దరఖాస్తు, మంజూరు చేసేది కలెక్టరు. చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. ఎఫ్‌ఐఆర్‌లో "గుర్తు తెలియని వాహనం" అని ఉండాలి. సీసీ కెమెరాల కోసం దగ్గర్లోని పెట్రోలు బంకు, టోల్‌గేటు అడగడం మొదటి రెండు మూడు రోజుల్లోనే అవ్వాలి, తర్వాత పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది.

166 కింద పిటిషన్‌కు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే లెక్క. పోలీసులు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పంపాల్సిన వివరమైన నివేదికను పిటిషన్‌గా తీసుకునే వీలున్నా, దాని మీదే ఆధారపడి కూర్చోకండి. ప్రమాదం ఒంగోలు దగ్గర జరిగి మీరు నెల్లూరులో ఉంటే నెల్లూరులోనే వేయొచ్చు. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ఇన్‌స్పెక్టరు తనిఖీ నివేదిక, పంచనామా, ఛార్జిషీటు, కారు ఆర్‌సీ, పాలసీ నకళ్లు పట్టుకుని వెళ్లండి. పాలసీ ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో కారు నంబరు కొడితే ఆ రోజే తెలిసిపోతుంది.