గుత్తాధిపత్యపు నష్టం: 1954 నాటి ఒక చిన్న అంకె

గుత్త సంస్థల ధరలపై వాదం మళ్లీ రాజుకుంది. పెద్ద సంస్థలను సమర్థించేవారు పాత మాటే వినిపిస్తున్నారు: ఎక్కువ ధర అంటే కొనేవారి సొమ్ము అమ్మేవారికి చేరడమే, అమ్మకాలు తగ్గడం వల్ల సమాజానికి జరిగే అసలు నష్టం స్వల్పం. ఈ ధీమా 1954 నాటిది.

ఆ ఏడాది ఆర్థికవేత్త ఆర్నాల్డ్ హార్బర్గర్ అమెరికా తయారీ రంగంలో 1920ల నాటి లాభాలను లెక్కగట్టి, గుత్తాధిపత్యం వల్ల జరిగిన నష్టం జాతీయాదాయంలో 0.1 శాతం కూడా లేదని తేల్చారు.

డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోళ్లు ఎంత మారతాయన్న కొలత) 1 అన్న ఊహ మీద ఆ లెక్క నిలబడింది. అంటే ధర ఏ నిష్పత్తిలో పెరిగితే కొనుగోళ్లూ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ గుత్త సంస్థ అక్కడెందుకు ఆగుతుంది? ధర ఇంకాస్త పెంచితే రాబడి తగ్గదు, తక్కువ సరుకు తయారు చేస్తుంది గనుక ఖర్చు తగ్గుతుంది. కొనేవారు అంతకన్నా వేగంగా జారుకోవడం మొదలయ్యేదాకా పెంచుతూనే పోతుంది. 1934లో ఆర్థికవేత్త అబ్బా లెర్నర్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ధరలో ఉపాంత వ్యయం (ఇంకొక్క వస్తువు తయారీకి అయ్యే అదనపు ఖర్చు) పోగా మిగిలే వాటా 10 శాతమైతే ఆ సంస్థ ఎదుర్కొనే వ్యాకోచత్వం 10 ఉండాలి. అదే 10 శాతం వాటాకు వ్యాకోచత్వం 1 అనుకుంటే నష్టం అమ్మకాల విలువలో సుమారు 0.5 శాతం. 10 అనుకుంటే 5 శాతం. ఒక్క ఊహతో పదింతల తేడా!

1956లోనే మరో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ ఈ ఊహను తప్పుబట్టారు. 1967లో గోర్డన్ టులక్ ఇంకో అడుగు వేసి, గుత్త హక్కు సంపాదించడానికి, కాపాడుకోవడానికి పెట్టే ఖర్చూ వృథాయే కదా అని అడిగారు. 1978లో కౌలింగ్, ముల్లర్ అనే ఆర్థికవేత్తలు లెర్నర్ సూత్రంతో తిరిగి లెక్కిస్తే నష్టం ఎన్నో రెట్లు పెరిగింది. అధిక లాభమంతా గుత్తాధిపత్యం వల్లే రాదు, మెరుగైన పనితనం వల్ల కూడా రావచ్చన్నది అవతలి పక్షం జవాబు.

నేటి తగాదాకు దగ్గరి చుట్టం 1956 నాటి సెల్లోఫేన్ (సరుకులు చుట్టే పారదర్శక పొర) తీర్పు. అప్పట్లో అమెరికాలో అమ్ముడైన సెల్లోఫేన్‌లో దాదాపు 75 శాతం డ్యూపాంట్ సంస్థదే. అయినా కొనేవారు ఇతర చుట్టుడు కాగితాల వైపు సులువుగా మళ్లుతున్నారు కాబట్టి అది గుత్తాధిపత్యం కాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ధర అప్పటికే పెంచి ఉంచడం వల్ల వాళ్లు మళ్లుతున్నారా అన్నది తీర్పులో తేలలేదు. ఇప్పటి వాదంలో మళ్లీ ముందుకొచ్చిన ప్రశ్న అదే.