నడినెత్తి మీద మచ్చ ఉంటే పుంజే

పెరట్లో మూడు నాలుగు జాతుల కోళ్లు కలిసి తిరుగుతుంటే క్రాసింగ్ దానంతటదే జరిగిపోతుంది, మనల్నేమీ అడగదు. కానీ ఏ పుంజుకి ఏ పెట్టను జత చేయాలో మనమే ఎంచుకుంటే, పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన రోజే అది పుంజో పెట్టో చెప్పేయొచ్చు.

ఒంటినిండా నలుపు తెలుపు చారలుండే బార్డ్ ప్లిమత్ రాక్ పెట్టల్లోకి రోడ్ ఐలాండ్ రెడ్ అనే ఎర్ర జాతి పుంజును వదలండి. పిల్లలన్నీ నల్లటి నూగుతోనే పుడతాయి. ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని నడినెత్తి చూడాలి. తెల్లటి మచ్చ ఉంటే పుంజు, నెత్తంతా నల్లగా ఉంటే పెట్ట. పెరిగాక పుంజులకి తల్లి చారలొస్తాయి, పెట్టలకి రావు.

మనుషుల్లో ఆడా మగా అన్నది తండ్రి వైపు నుంచి తేలుతుంది, కోళ్లలో తల్లి వైపు నుంచి. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములుంటాయి, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. చారల జన్యువు ఉండేది జెడ్ మీద. పెట్ట తన ఒక్కగానొక్క జెడ్‌ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకి డబ్ల్యూతో సరిపెడుతుంది, అందుకే చారలూ కొడుకులకే. జతను తిరగేసి చారల పుంజును, ఎర్ర పెట్టను పెడితే పిల్లలన్నిటికీ చారలే, ఇక మచ్చ చూసి లాభం లేదు.

ఈ పిల్లలు పెద్దవై చూడముచ్చటగా ఉన్నాయి కదా అని వాటిలో వాటికే జత కట్టించి పప్పులో కాలేసేవాళ్లు చాలామంది. రెండో తరంలో పుంజుల్లో సగానికీ, పెట్టల్లో సగానికీ చారలొస్తాయి, మచ్చ లెక్క అక్కడితో సరి. కోడి నెత్తి మీది తురాయిల సంగతి ఇంకా తమాషా. గులాబీ తురాయి జాతిని, బఠాణీ తురాయి జాతిని కలిపితే మొదటి తరానికి అక్రోటు కాయలా ముడతలు పడ్డ మూడో రకం తురాయి వస్తుంది. వాటిలో వాటిని కలపండి, సుమారు 16 పిల్లల్లో ఒకదానికి, అటు తాతకీ ఇటు అమ్మమ్మకీ లేని మామూలు రంపపు పళ్ల తురాయి! బేట్సన్, పన్నెట్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 1900ల మొదట్లోనే దీన్ని లెక్కకట్టారు. ఒకే తురాయి ఆకారాన్ని రెండు జన్యువులు కలిసి తేలుస్తున్నాయన్నమాట.

నీలం గుడ్ల జాతి పుంజును గోధుమరంగు గుడ్ల పెట్టతో కలిపితే కూతుళ్లు పచ్చ గుడ్లు పెడతాయి. నీలం పెంకు మందమంతా ఉంటుంది, గోధుమరంగు పైపూత మాత్రమే. పచ్చ గుడ్డు పగలగొట్టి లోపలి పొర ఒలిచి చూడండి, నీలమే కనిపిస్తుంది. ఎప్పుడో ఓ వైరస్ ముక్క కోడి జన్యువుల్లో ఇరుక్కుపోవడం వల్ల వచ్చిన రంగు అది.

ఇవన్నీ తండ్రి ఎవరో ఖాయంగా తెలిస్తేనే. పెట్ట ఒంట్లోని సన్నటి గొట్టాల్లో పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా నిలవ ఉంటుంది. ఆ సంగతి తెలియక నేను బోసి మెడ పుంజును తీసేసి, కొత్తదాన్ని వదిలి, వారం తిరక్కుండానే గుడ్లు పొదగేశాను. 21వ రోజున 11 పిల్లలు వచ్చాయి. నాలుగింటికి మెడ మీద నూగు లేదు.