థైరాయిడ్‌కి కావాల్సింది చిటికెడే

ప్రియమైన పిల్లలకు,

మెడ ముందు భాగంలో రెండు వేళ్లు ఆనించి ఒక గుటక మింగండి. లోపల గట్టిగా ఏదో పైకి లేచి మళ్లీ దిగుతుంది కదా, అది స్వరపేటిక. దానికి కాస్త కిందే శ్వాసనాళాన్ని అంటిపెట్టుకుని, రెక్కలు చాపిన సీతాకోకచిలుకలా ఉంటుంది థైరాయిడ్ గ్రంథి. పెద్దవాళ్లలో కూడా దాని బరువు 20 గ్రాములకు అటూ ఇటుగానే. అయినా మీ ఎదుగుదల, ఒంట్లో వేడి, గుండె వేగం, చదువు మీద ధ్యాస అన్నింటికీ అది పంపే హార్మోన్ కావాలి.

థైరాయిడ్‌కి ఏ విటమిన్ మంచిదని చాలామంది అడుగుతారు. నిజానికి ఈ గ్రంథి ముందుగా అడిగేది విటమిన్లను కాదు, ఖనిజాలను. అవి కూడా చాలా కొద్దిగా చాలు. తక్కువైతే ఎంత చేటో, ఎక్కువైతే అంతే చేటు. ఈ ఉత్తరమంతా ఆ మాట కోసమే.

మొదటిది అయోడిన్. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ పేరు థైరాక్సిన్. దాని అణువులో 4 అయోడిన్ పరమాణువులుంటాయి, అందుకే దాన్ని టీ4 అంటారు. ఒకటి ఊడితే టీ3 అవుతుంది. కణాల్లో అసలు పని చేసేది ఈ టీ3యే. అయోడిన్ చాలకపోతే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ని పురికొల్పే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని పెంచి, ఇంకా పని చెయ్యమని థైరాయిడ్‌ని తరుముతుంది. సరుకు లేకుండా పని ఎలా సాగుతుంది? గ్రంథి మాత్రం ఉబ్బుతుంది. గొంతు దగ్గర కనిపించే ఆ వాపే గాయిటర్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 120 మైక్రోగ్రాముల అయోడిన్, ఆపై వయసువాళ్లకు 150, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250 కావాలి. 70 ఏళ్ల జీవితానికి సరిపడా మొత్తం పోగేసినా ఒక టీస్పూన్ నిండదు! కానీ ఒకేసారి తీసుకుంటే కుదరదు, రోజూ కాస్త కాస్త అందాలి. అందుకే 1922లో స్విట్జర్లాండ్‌లో, 1924లో అమెరికాలోని మిషిగన్‌లో ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టారు. కిలో ఉప్పులో 30 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటే, గ్రాము ఉప్పులో 30 మైక్రోగ్రాములున్నట్టు. అంటే 5 గ్రాములకు 150. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలి, పిల్లలు ఇంకా తక్కువ. కాబట్టి అయోడిన్ కోసమని ఉప్పు పెంచకండి. పాలు, గుడ్లు, సముద్రపు చేపల్లోనూ అది దొరుకుతుంది.

ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఒకసారి చూడండి. పొయ్యి పక్కన, మూత తీసి, ఆవిరి తగిలేలా ఉందా? తేమకీ వేడికీ అయోడిన్ మెల్లగా తగ్గిపోతుంది. మూత బిగించి పొడిచోట పెట్టండి, వంట చివర్లో ఉప్పు వెయ్యమనండి. ఇంకో మాట: రాతి ఉప్పు, సముద్రపు ఉప్పు సహజమైనవే కావచ్చు, అయోడిన్ కలపకపోతే వాటిలో అది ఉండేది నామమాత్రమే.

టీ4 నుంచి ఒక అయోడిన్‌ని ఊడదీసి టీ3 చేసే ఎంజైములకు సెలీనియం అనే ఖనిజం కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాములు చాలు. ఒక్క బ్రెజిల్ నట్‌లోనే అంతకు మించి ఉండొచ్చు. గుప్పెడు గుప్పెడు రోజూ తింటే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారతాయి. గుడ్లు, చేపలు, మాంసం, గింజలు తినేవాళ్లకు మాత్రల అవసరం సాధారణంగా రాదు.

ఇనుము సంగతి చాలామందికి తట్టదు. అయోడిన్‌ని హార్మోన్‌లో అతికించే ఎంజైము ఇనుము లేకుండా పని చెయ్యదు. ఇనుము చాలక రక్తహీనత ఉన్న పిల్లలకు అయోడిన్ ఉప్పు ఇచ్చినా గాయిటర్ తగ్గాల్సినంత తగ్గదు. పప్పులు, ఆకుకూరలు తినేటప్పుడు నిమ్మరసం పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో టీ తాగితే అదే ఇనుము వృథా అవుతుంది. జింక్ కూడా కొంత కావాలి. విటమిన్ డి, బి12 తక్కువున్నాయని రక్తపరీక్షలో తేలితే సరిచేసుకోవాలి, అంతే. అవి థైరాయిడ్ జబ్బుకు మందులు కావు.

క్యాబేజీ, కాలీఫ్లవర్ థైరాయిడ్‌కి చేటు, మానేయాలంటారు కదా, అంత భయం అక్కర్లేదు. అయోడిన్ సరిపడా అందుతూ, వండుకుని తింటే పర్వాలేదు. భయపడాల్సింది సముద్రపు నాచు మాత్రలకే. కొన్నిట్లో అయోడిన్ అవసరానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత అయోడిన్ మీద పడితే గ్రంథి పని తగ్గించుకోవచ్చు, కొందరిలో అదుపు తప్పి ఎక్కువా చేయవచ్చు.

ఇంట్లో ఎవరైనా లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ చాలనివాళ్లకు ఇచ్చే మాత్ర) వాడుతుంటే ఇది గుర్తుచెయ్యండి: పరగడుపున, మంచినీళ్లతో వేసుకుని, 30 నుంచి 60 నిమిషాలు ఆగి టిఫిన్ తినాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు కడుపులోనే వాటికి అతుక్కుని రక్తంలోకి సరిగా చేరదు. పోషకాలు బాగా తింటున్నామని ఆ మాత్ర మానకూడదు.

జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేసుకునేవాళ్లు థైరాయిడ్ రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి, మోతాదు పెద్దదైతే ఇంకా ముందే. లేకపోతే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా తప్పు లెక్క రావచ్చు. లేని జబ్బుకు మందు మొదలుకావచ్చు. రక్తం ఇచ్చేముందే ఏమేం వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పమనండి.

ప్రేమతో,
మీ తాతయ్య