లెక్క దగ్గరే పేచీ: ఫిలిప్పీన్స్ ఎన్నికల నేపథ్యం

ఫిలిప్పీన్స్‌లో జాతీయ ఎన్నికల పోలింగ్ మే నెల రెండో సోమవారం జరుగుతుంది. ఊరూరా ప్రభుత్వ బడులే పోలింగ్ కేంద్రాలు, ఆ బడుల టీచర్లే ఎన్నికల సిబ్బంది. ముందు రోజు నుంచే మద్యం అమ్మకాలు బంద్. ఎండలు మండే రోజులు కావడంతో క్యూలో నిలబడి అలసిన జనం చక్కెర పాకం పట్టించి పుల్లకు గుచ్చిన వేపుడు అరటిపండ్ల కోసం, హాలో-హాలో అనే ఐసు మిఠాయి కోసం బండ్ల చుట్టూ చేరతారు. అధ్యక్ష ఎన్నిక ఉన్న ఏడాది ఒకే బ్యాలెట్ పత్రంపై అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, 12 మంది సెనేటర్లు మొదలుకొని గవర్నరు, మేయరు, పట్టణ కౌన్సిలర్ల వరకు అందరినీ ఎన్నుకోవాలి. ఇంత పొడవాటి పత్రాన్ని ఓపికగా నింపే ఓటరుకు, ఓటు వేయడంపై లేని అనుమానం దాని లెక్కింపుపై మాత్రం ఎప్పుడూ ఉంటూనే వచ్చింది.

అమెరికా పాలనలో 1907లో తొలి శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు ఆస్తి గానీ, ఇంగ్లీషు లేదా స్పానిష్ చదువు గానీ ఉన్న పురుషులకు, అంతకుముందు స్థానిక పదవులు చేసినవారికి మాత్రమే ఓటు దక్కింది. మహిళల ఓటు హక్కుకు కనీసం 3 లక్షల మంది మహిళలు ఔననాలని 1935 రాజ్యాంగం షరతు పెట్టగా, 1937 ఏప్రిల్ 30న దాదాపు 4.48 లక్షల మంది ఔనన్నారు. ఎన్నికల సంఘం కొమెలెక్ 1940లో రాజ్యాంగ సవరణతో ఏర్పడింది.

స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్లకే, 1949 అధ్యక్ష ఎన్నికల్లో, లెక్క పరువు పోయింది. లనావో రాష్ట్రంలో చచ్చినవాళ్లు, పక్షులు కూడా ఓటేశాయని జనం ఎగతాళి చేసుకున్న ఎన్నిక అది. ఆ చేదు అనుభవం నుంచే పౌరులే కాపలా ఉండి లెక్క చూసుకునే నామ్‌ఫ్రెల్ 1951లో పుట్టింది. 1953 అధ్యక్ష ఎన్నికలో రామోన్ మాగ్సైసాయ్ గెలిచిన ప్రచారానికి రౌల్ మంగ్లాపుస్ రాసిన మాంబో పాట ఊపునిచ్చింది. పాట లేని ప్రచారం ఫిలిప్పీన్స్‌లో ఆ తర్వాత కనబడదు.

అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ 1972లో సైనిక శాసనం విధించాక లెక్కింపు ఒక తంతుగా మిగిలింది. 1973 జనవరిలో కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించినది బ్యాలెట్ కాదు, పౌర సభల్లో ఎత్తిన చేతులు. పదిహేనేళ్లు నిండినవారినీ ఆ సభలకు పిలిచారు. 1978 పార్లమెంటు ఎన్నికల్లో జైలు నుంచే పోటీ చేసిన ప్రతిపక్ష నేత నినోయ్ అక్వినో పక్షానికి మద్దతుగా పోలింగ్ ముందు రాత్రి మనీలా జనం గిన్నెలు మోగించి, హారన్లు కొట్టి హోరెత్తించారు. అయినా మనీలాలోని 21 స్థానాలూ ప్రభుత్వ పక్షానికే పోయాయి. నినోయ్ 1983లో హత్యకు గురయ్యాక ఆయన అంతిమయాత్రలోనూ, 1986లో మార్కోస్‌ను దించిన ప్రజా ఉద్యమం సాగిన మనీలా ఎడ్సా రోడ్డు మీదా జనం పాడుకున్న ‘బయాన్ కో’ అమెరికన్ పాలన కాలం నాటి పాట.

1986 ఫిబ్రవరి 7 అధ్యక్ష ఎన్నికలో అసలు ఘట్టం లెక్కింపు హాలులో జరిగింది. కొమెలెక్ కంప్యూటర్ల ముందు కూర్చున్న సిబ్బంది, తాము ఎక్కించిన అంకెలకూ బోర్డుపై వస్తున్న అంకెలకూ పొంతన లేదని గ్రహించారు. ఫిబ్రవరి 9 రాత్రి ముప్పై మందికి పైగా పని ఆపి బయటికి నడిచారు. నామ్‌ఫ్రెల్ లెక్కలో మార్కోస్ ప్రత్యర్థి, నినోయ్ భార్య కోరీ అక్వినో ముందుండగా, మార్కోస్ గెలిచాడని పార్లమెంటు ప్రకటించింది. పది రోజుల్లో ఆయన దేశం విడిచి వెళ్లాడు.

ప్రజాస్వామ్యం తిరిగి వచ్చినా లెక్కింపు పద్ధతి మారలేదు. 2007 వరకు ఓటరు ప్రతి పదవికీ అభ్యర్థి పేరును చేత్తో రాయాల్సిందే. అక్షరదోషాలున్నా పలికితే అదే పేరు వినిపిస్తే ఓటు చెల్లుతుందని చట్టమే చెప్పింది కాబట్టి, ప్రతి గీతపైనా పార్టీ ఏజెంట్లు తగువు పడేవారు. ఒక టీచరు పేరు పైకి చదువుతుంటే, మరొకరు గోడకు అంటించిన కాగితంపై నాలుగు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టి లెక్కపెట్టేవారు. నిజానికి ఈ తరగతి గది లెక్క అందరి కళ్ల ముందు జరిగేది. అక్కడ మోసం కష్టం. అక్కడి నుంచి అంకెలు పట్టణానికి, రాష్ట్రానికి, రాజధానికి చేరే దారిలోనే ఒకరికి కలిపి మరొకరికి తగ్గించేవారు. దానికి జనం పెట్టిన పేరు ‘దగ్‌దగ్-బవాస్’. 1995 సెనేట్ ఎన్నికలో తాను దీనికే బలయ్యానని అక్విలీనో పిమెంటెల్ ఆరోపించారు. ఆయన కొడుకు కోకో 2007 సెనేట్ ఎన్నికలో ఇదే ఫిర్యాదు చేశాడు. ప్రత్యర్థి సుబిరి, మోసంతో తనకు సంబంధం లేదంటూనే, 2011లో రాజీనామా చేయడంతో కోకోకు సీటు దక్కింది. అప్పటికే ఆరేళ్ల పదవిలో నాలుగేళ్లు గడిచిపోయాయి.

2004 అధ్యక్ష ఎన్నిక ఫలితం తేలడానికి ఆరు వారాలు పట్టింది. మరుసటి ఏడాది, ఆ ఎన్నికలో గెలిచిన అధ్యక్షురాలు గ్లోరియా అరోయో ఒక ఎన్నికల అధికారితో ఆధిక్యం గురించి మాట్లాడుతున్నట్టున్న ఫోను సంభాషణ బయటపడింది. అధికారితో మాట్లాడటం పొరపాటేనని ఆమె టీవీలో క్షమాపణ చెప్పారు, ఫలితాన్ని మార్చలేదన్నారు. ఈలోగా ఆ సంభాషణ ముక్క దేశమంతటా సెల్‌ఫోన్ రింగ్‌టోన్ అయింది. కోపాన్ని పాటగా మార్చి జేబులో వేసుకు తిరగడంలో ఫిలిప్పినోలను మించినవారు అరుదు. ఆ నవ్వుల వెనక టీచర్ల ప్రాణాలూ ఉన్నాయి: 2007లో బటాంగస్ రాష్ట్రంలోని తైసాన్‌లో దుండగులు నిప్పు పెట్టిన బడిలో, ఎన్నికల విధుల్లో ఉన్న ఒక ఉపాధ్యాయురాలు మరణించింది. ఎన్నికల పని టీచర్లకు తప్పనిసరి కాదని చట్టం రావడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది.

1997లోనే చట్టమైన యంత్రాల లెక్కింపు దేశవ్యాప్తంగా అమలైనది 2010లో. పోలింగ్‌కు వారం ముందు పరీక్షలో యంత్రాలు తప్పుడు లెక్క చూపగా, దాదాపు 76,000 మెమరీ కార్డులు హడావుడిగా మార్చారు. అయినా పోలింగ్ మర్నాడే అధ్యక్ష అభ్యర్థుల్లో ఒకరు ఓటమి ఒప్పుకున్నారు. పేరు రాయడం పోయి, గుడ్డు ఆకారపు గడిని నింపడం వచ్చింది. దశదశలుగా అంకెలు దిద్దే పాత మోసానికి చోటు తగ్గింది గానీ అనుమానం పోలేదు. 2016లో ఉపాధ్యక్ష పదవికి లెనీ రోబ్రెడో, మార్కోస్ కొడుకు మార్కోస్ జూనియర్‌పై 2,63,473 ఓట్లతో గెలిచింది. లెక్కింపు మధ్యలో ఒక సాంకేతిక నిపుణుడు అభ్యర్థుల పేర్లలో ప్రశ్నార్థక చిహ్నంగా కనిపిస్తున్న ఒక స్పానిష్ అక్షరాన్ని సరిదిద్దడమే పెద్ద వివాదమైంది. ఓటమిని సవాలు చేస్తూ మార్కోస్ జూనియర్ వేసిన పిటిషన్‌పై మచ్చుకు మూడు రాష్ట్రాల్లో మళ్లీ లెక్కించగా రోబ్రెడో ఆధిక్యం కొంచెం పెరిగింది. 2021లో ఆ పిటిషన్ కొట్టివేశారు. మరుసటి ఏడాది 3.1 కోట్లకు పైగా ఓట్లతో మార్కోస్ జూనియరే అధ్యక్షుడయ్యాడు.

యాభై ఏళ్లకు పైగా సంస్కరణలన్నీ లెక్కింపు చుట్టూ తిరగడం వల్ల లెక్కకు ముందు జరిగే సంగతులు వెనకబడ్డాయనిపిస్తుంది. రాజకీయ కుటుంబాల ఆధిపత్యాన్ని చట్టం నిర్వచించిన మేరకు నిషేధించాలని 1987 రాజ్యాంగం చెప్పింది. ఆ నిర్వచనం చేయాల్సిన కాంగ్రెస్‌లో నిండా ఆ కుటుంబాలవారే ఉండటంతో దశాబ్దాలు గడిచినా అమలుకు చట్టం రాలేదు. 2009 నవంబరు 23న మగిందనావోలో, ఒక కుటుంబం చేతిలోని గవర్నర్ పదవికి ప్రత్యర్థి తరఫున నామినేషన్ వేయడానికి వెళ్తున్న బృందంపై దాడిలో 58 మంది హతులయ్యారు. వారిలో 32 మంది పత్రికారంగంవారు. ఇక జాతీయ స్థాయిలో వదిలేసిన చేతిరాత, గ్రామస్థాయి బరంగాయ్ ఎన్నికల్లో పోలేదు: 2023 అక్టోబరులోనూ అక్కడ ఓటర్లు పేర్లు చేత్తోనే రాశారు, టీచర్లు వాటిని పైకి చదివి గోడమీది కాగితంపై గీతలు గీశారు.