కోటు లోపలి వాన

కిందటేడు శ్రావణంలో మూడు రోజులు వదలకుండా ముసురు పట్టింది. రావులపాలెం నుంచి ఆత్రేయపురం వైపు బడికి రోజూ సైకిలు మీదే వెళ్తాను. ఆ వారమే కొన్న రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరాను. బడి దగ్గర కోటు విప్పితే టాప్ వీపంతా పిండితే నీళ్లు కారేలా ఉంది. కోటు కారుతోందని కొన్న చోటికే తీసుకెళ్లాను. "కుట్ల మీద టేపు కూడా వేసిందండీ, ఎక్కడ కారుద్దండీ?" అన్నాడు కొట్టాయన. ఇంటికొచ్చి కోటును తిరగేసి, మూటలా పట్టుకుని అందులో చెంబుడు నీళ్లు పోశాను. పావుగంటైనా చుక్క దిగలేదు. ఆయన చెప్పింది నిజమే. నన్ను తడిపింది వాన కాదు, నా చెమట.

సైకిలు తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడలుకు చేరేది 20 నుంచి 25 శాతమే. మిగతాదంతా వేడిగా మారుతుంది. తాపీగా తొక్కినా ఒంట్లో సుమారు 300 వాట్ల వేడి పుడుతుంది. అంటే పాతకాలపు వంద వాట్ల బల్బులు మూడు ఒంట్లో వెలుగుతున్నట్టు. ఆ వేడినంతా చెమటతోనే పోగొట్టాలంటే గంటకు దాదాపు 450 మిల్లీలీటర్ల చెమట ఆవిరైపోవాలి. కారిపోతే లాభం లేదు, ఆవిరవ్వాలి. చెమట గాల్లోకి లేచేటప్పుడు ఒంట్లోంచి వేడిని పట్టుకుపోతుంది. బట్టల్లో ఇంకిపోయిన చెమట, కోటు లోపల ముత్యాల్లా అంటుకున్న చెమట మనల్ని చల్లబరచవు.

మరి ఎందుకు ఆవిరవ్వదు? దానికి గాల్లో చోటుండాలి. తుపాను వార్తల్లో వినే మిల్లీబార్లతోనే ఈ లెక్క చెప్పుకోవచ్చు. 35 డిగ్రీల తడి చర్మం మీద నీటి ఆవిరి ఒత్తిడి సుమారు 56 మిల్లీబార్లు. చలిదేశంలో 5 డిగ్రీల ముసురు రోజున బయటి గాల్లో ఆవిరి ఒత్తిడి 8 మిల్లీబార్లే ఉంటుంది. తేడా 48. ఆ తేడాయే ఆవిరిని బయటికి నెడుతుంది. మన దగ్గర శ్రావణ మాసం ముసురులో 30 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉంటే గాల్లో అప్పటికే 38 మిల్లీబార్లు ఉంటుంది. మిగిలిన తేడా 18. అదే చెమట, అదే కోటు, కానీ బయటికి నెట్టే బలం సగం కూడా లేదు. మే నెలలో 40 డిగ్రీల ఎండలో, 40 శాతం తేమలో ఈ తేడా 26 దాకా ఉంటుంది. అందుకే వడగాలి రోజున ఒళ్లు పొడిబారినట్టుంటుంది, వానాకాలపు ఉక్కపోతలో జిడ్డుగా ఉంటుంది. వడగాలి తక్కువ ప్రమాదమని మాత్రం దీనర్థం కాదు. చర్మం కంటే వేడిగా ఉన్న గాలి మనకే వేడినిస్తుంది.

తర్వాత మా తమ్ముడు హైదరాబాదు నుంచి ఖరీదైన జాకెట్టొకటి తెచ్చాడు. లోపలి ఆవిరిని బయటికి పంపి, వాననీటిని మాత్రం ఆపే రకం. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ టెఫ్లాన్ (అంటుకోని పెనాలకు పూసే ప్లాస్టిక్) కడ్డీని వేడిచేసి ఒక్కసారిగా లాగితే అది సన్నని రంధ్రాల పొరగా సాగింది. ఈ రకం బట్టలకు మూలం అదే. ఆ రంధ్రాల్లోంచి నీటి బొట్టు దూరలేదు, ఆవిరి అణువు దూరుతుంది. కానీ రంధ్రం ఉన్నంత మాత్రాన ఆవిరి దానంతటది బయటికి పోదు. పైన చెప్పిన తేడా నెట్టాలి. పై గుడ్డ నానిపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. తమ్ముడి జాకెట్టులోనూ నా వీపు తడిసింది, కాస్త తక్కువగా.

సైకిలు మీద తిరిగేవాళ్లకు మూడు పొరల బట్టలు వేసుకోమన్న సలహా చలిదేశాల్లో పుట్టింది. అడుగు పొర చెమట లాగాలి, నడిమి పొర వెచ్చగా ఉంచాలి, పై పొర గాలివాన ఆపాలి. అక్కడికది సరైన సలహా. మన డెల్టాలో ఏడాదిలో పది నెలలు పొరలు చేయాల్సిన పని వేరు. వెచ్చదనం దాచడం కాదు, ఆవిరికి దారి వదలడం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏది కొనాలో, ఏది మానాలో తేలిగ్గా తెలుస్తుంది.

అడుగు పొర గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనం పట్టించుకోనిది అదే. నూలు బట్ట మంచిదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు నూలు చెమటను లాగుతుంది, నిజమే. చిక్కేమిటంటే పత్తి పోగు నీటిని తనలోకి కూడా తాగుతుంది. మామూలు గాల్లోనే తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పోగు అర శాతం కూడా పట్టదు. అందువల్ల పాలిస్టర్ అల్లికలో చెమట పోగుల మధ్య సందుల్లోనే పాకి, పరుచుకుని, తొందరగా ఆరుతుంది. నూలు ఉబ్బుతుంది, ఆ సందులు మూసుకుంటాయి, ఒంటికి అతుక్కుంటుంది. ఎండాకాలం వదులైన నూలు బట్ట హాయిగానే ఉంటుంది. తడి ఎక్కువసేపు నిలిస్తే పొడిగాలిలో చల్లదనం కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. ముసురులోనూ, వాన వెలిసి గాలి తిరిగినప్పుడూ అదే గుణం ఇబ్బంది పెడుతుంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాక్కుపోతుంది. "తడిగుడ్డ ఒంటి మీద ఆరనివ్వకమ్మా" అని మా అత్తయ్య అనే మాటలో ఈ భౌతికశాస్త్రమే ఉంది.

1933లో నార్వే సైనికాధికారి హెన్రిక్ బ్రున్ చేపల వలలతో బనీను కుట్టించాడు. వల కన్నుల్లో గాలి నిలుస్తుంది, పై బట్ట చర్మానికి అంటుకోదు, చెమటకు దారి ఉంటుంది. వలలు అల్లే చేతులకు, నరసాపురం లేసు అల్లే చేతులకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఇప్పుడు దొరికే సన్నని నెట్ అల్లిక స్పోర్ట్స్ టాప్‌లు దాని దారిలోవే.

ఆడవాళ్లకు అడుగు పొర అంటే ముందు లోదుస్తులు. ఎవరూ నోరు విప్పి చెప్పరు గానీ, దద్దుర్లు, ఒరుసుకుపోవడం, గజ్జల్లో తామర మొదలయ్యేది అక్కడే. మందపాటి నూలు బ్రా ఒకసారి తడిస్తే ఇల్లు చేరేదాకా ఆరదు. త్వరగా ఆరే స్పోర్ట్స్ బ్రా, కింద కుట్లు ఒరుసుకోని సైకిల్ షార్ట్స్, పైన వదులు పైజామా ఉంటే ఎంతో తేడా తెలుస్తుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. వేసుకుంటే ఆ అంచులే ఒరుసుకుంటాయి.

వేడి మీద తొలినాటి పరిశోధనలు ఎక్కువగా సైనికుల మీద, గని కార్మికుల మీద జరిగాయి. అంటే మగవాళ్ల మీద. సగటున ఆడవాళ్లకు చెమట తక్కువ పడుతుంది, బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. అండం విడుదలయ్యాక, నెలసరికి ముందు రెండు వారాలు లోపలి ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీల దాకా పెరుగుతుంది. కిందటి వారం సరిపోయిన బట్ట ఈ వారం ఉక్కగా అనిపిస్తే అది మన ఊహ కాదు.

నడిమి పొర మనకు కార్తీకం నుంచి సంక్రాంతి దాకానే అవసరం. మా దారిలో కాలువ మీదున్న లొల్ల లాకుల దగ్గర పొద్దున్నే మంచు పట్టినప్పుడు 18 డిగ్రీలున్నా, సైకిలు వేగానికి చేతులు జివ్వుమంటాయి. అప్పుడు లావు స్వెట్టరు ఒకటి వద్దు, పల్చని బట్టలు రెండు చాలు. పూతరేకును చూడండి. పొర పొరకూ మధ్య గాలి ఉన్నంతసేపే అది పూతరేకు. చెమ్మ తగిలితే పొరలు అతుక్కుని ముద్దవుతాయి. ఒంటికి వెచ్చదనమిచ్చేది ఉన్ని కాదు, ఉన్ని పట్టి ఉంచిన కదలని గాలి. రెండు పల్చని పొరల మధ్య ఆ గాలి దొరుకుతుంది, పైగా పది నిమిషాలు తొక్కి ఒళ్లు వేడెక్కాక ఒకటి తీసేయొచ్చు.

ఈ తీసేయడం దగ్గరే మన ఆడపిల్లలకు అసలు టెన్షన్. మగపిల్లాడు గట్టు మీద ఆగి చొక్కా విప్పి హ్యాండిల్‌కు వేలాడేస్తాడు, మనం అలా చేయలేం. అందుకే ఏ పొర తీసినా కింద ఉన్నది నలుగురిలో తిరగడానికి సరిపోయే బట్టే అయ్యుండాలన్నది నా నియమం. లోపల నెట్ అల్లిక పొడవు చేతుల టాప్, పైన ముందు గుండీలున్న వదులు చొక్కా వేసుకుంటాను. ఆ చొక్కాయే చున్నీ పని చేస్తుంది. చున్నీ గొలుసులోనో చక్రంలోనో పడితే మెడకు బిగుసుకుంటుంది. సైకిలెక్కే ప్రతి పిల్లకూ ఇది గట్టిగా చెప్పాలి.

గాలి దిశను కూడా చూసుకోవాలి. ఎండాకాలం సాయంత్రం రావులపాలెం వైపు తిరిగొస్తుంటే సముద్రపు గాలి ఎదురొస్తుంది. నేను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే, ఎదురుగాలి 12 ఉంటే ఒంటికి తగిలేది 27. అదే గాలి వెనక నుంచి వస్తే తగిలేది 3. వెనకగాలిలో తొక్కడం సులువు, చెమట మాత్రం ఆరదు. ఎదురుగాలిలో కాళ్లు లాగుతాయి, ఒళ్లు చల్లబడుతుంది. కాబట్టి వెనకగాలి ఉన్నప్పుడు బయల్దేరేటప్పుడే ఒక పొర తగ్గించుకుంటాను. జూన్‌లో ఉరుములతో ఈదురుగాలి వచ్చి అరగంటలో ఏడెనిమిది డిగ్రీలు పడిపోయిన రోజున మాత్రం బ్యాగులో, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకున్న పొడి టాప్ ఒక్కటే ఆదుకుంటుంది. ఉరుముతుంటే గట్టు దిగి ఏదైనా భవనంలోకి వెళ్లాలి, కొబ్బరి చెట్టు కింద నిలబడకూడదు.

పై పొర విషయానికొస్తే, తల దూర్చి దుప్పటిలా వేసుకునే, కింద తెరిచి ఉండే పోంచో రకం మన ముసురుకు మేలు. గాలి కింద నుంచి దూరి మెడ దగ్గర బయటికి పోతుంది. ఈదురుగాలిలో మాత్రం అది తెరచాపలా మారి మనిషిని కాలువ వైపు లాగుతుంది. అప్పుడు దిగి నడవడమే మంచిది. రంగు ముదురు నీలం, నలుపు వద్దు. మబ్బు పట్టిన పగటిపూట నిగనిగలాడే పసుపుపచ్చ రంగు దూరానికి కనిపిస్తుంది, చీకట్లో అది పనిచేయదు. చీకట్లో లారీ లైటు పడగానే తిరిగి మెరిసే పట్టీలు వీపు మీద, చీలమండల మీద ఉండాలి. పెడలుతో పాటు కిందికీ పైకీ కదిలే పట్టీని డ్రైవరు ముందుగా గుర్తుపడతాడు.

ఉతకడంలో ఒక్క జాగ్రత్త: చెమట లాగే బట్టలకు మెత్తదనం కోసం వాడే కండిషనర్ వేయకూడదు. అది పోగుల మీద జిడ్డుపొరలా అంటుకుని నీరు పాకకుండా చేస్తుంది.

నా పాత రెయిన్‌కోటును పారేయలేదు. మా వీధి టైలరు దగ్గర రెండు చంకల కిందా జానెడు పొడవు కోయించి, నెట్ గుడ్డ వేయించాను. వీపు మీద అడ్డంగా ఒక కోత పెట్టించి, వాన పడకుండా పైన రేకులా మడత వేయించాను. ఈ శ్రావణంలో మళ్లీ ముసురు పట్టింది. చంకల దగ్గర నాలుగు చినుకులు లోపలికొస్తున్నాయి. బడి దగ్గర కోటు విప్పితే వీపు మాత్రం కాస్త చెమ్మగా ఉంటోంది, అంతే. మొదటి పీరియడ్ అయ్యేసరికి అదీ ఆరిపోతోంది.