కొండలోకి దించిన బోల్టు పట్టిందో లేదో

2021 నవంబరు వానలకు నానిన తిరుమల కొండ నుంచి డిసెంబరు 1న పెద్ద బండరాళ్లు విరిగి రెండో ఘాట్ రోడ్డు మీద పడ్డాయి. అంతకు ముందు ఏడాది దసరాల్లో, మూలా నక్షత్రం రోజున, బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కూడా రాళ్లు జారాయి. ఇలా జరిగిన ప్రతిసారీ రాళ్లను ఆపే వలలు కట్టాలని, బోల్టులు, అంటే రాతిలో రంధ్రం వేసి బిగించే ఉక్కు కడ్డీలు, దించాలని అంటాం. అవి కావాల్సిందే. అయితే దించినది గట్టిగా పట్టిందా అని ఎవరు, ఎలా తేల్చారన్నది నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే ఈ పనిలో అసలైన భాగమంతా రాయి లోపలే ఉండిపోతుంది. బయటికి కనిపించేది ఒక ప్లేటు, ఒక నట్టు మాత్రమే.

ఉక్కుతో రాతిని బిగించే పద్ధతికి పెద్ద మలుపు 1934 ప్రాంతంలో అల్జీరియాలోని షెర్ఫా డ్యామ్ దగ్గర వచ్చింది. ఫ్రెంచ్ ఇంజనీరు ఆంద్రె కోయిన్ పాత రాతి కట్టడాన్ని కింది బండకు ఉక్కు తీగల కట్టలతో బిగించారు. ఒక్కో కట్ట మీద సుమారు 1,000 టన్నుల లాగుడు. పని అద్భుతంగా నిలిచింది. కానీ లోపల తుప్పు తన పని తాను చేసుకుపోయింది. 1960ల్లో మళ్లీ కొత్త యాంకర్లు, అంటే బిగించే ఉక్కు కట్టలు, వేయాల్సి వచ్చింది. అదే కోయిన్ డిజైన్ చేసిన మాల్పాసె డ్యామ్ 1959లో ఫ్రాన్స్‌లో కూలి 400 మందికి పైగా చనిపోయారు. కాంక్రీటు బాగానే ఉంది, దానికి ఆనుకున్న రాయి కదిలింది. రాయిని నమ్మకంతో కాదు, కొలిచి చూడాలన్న పట్టుదల ఇంజనీర్లలో ఆ తర్వాత బాగా పెరిగింది. 1962లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో రాక్ మెకానిక్స్ (రాతి బలాన్ని, కదలికను లెక్కగట్టే శాస్త్రం) అంతర్జాతీయ సంఘం పుట్టింది. రాక్ బోల్టులను ఎలా పరీక్షించాలో 1974లో ఆ సంఘం రాసిపెట్టింది.

పరీక్ష చెప్పుకోవడానికి సులువే. రంధ్రం వేసి, కడ్డీ పెట్టి, సిమెంటు పాలు పోసి, అవి గట్టిపడ్డాక హైడ్రాలిక్ జాకీతో కడ్డీని బయటికి లాగుతారు. కడ్డీ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో డయల్ గేజ్ చూపిస్తుంది. గేజ్‌ను జాకీకి తగిలించకుండా వేరే స్టాండు మీద నిలపాలి, లేకపోతే జాకీ కదలిక కూడా లెక్కలో కలిసిపోతుంది. పని మొదలయ్యే ముందే కొన్ని బోల్టులను ఊడివచ్చేదాకా లాగి చూస్తారు. తర్వాత అసలు బోల్టుల్లో కొన్నింటిని, అవి మోయాల్సిన బరువుకన్నా ఎక్కువ లాగి, కాసేపు అలాగే ఉంచుతారు. ఆ కాసేపట్లో కడ్డీ నెమ్మదిగా జారుతోందంటే పట్టు లేనట్టే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పొడవంతా సిమెంటు పాలు పోసిన బోల్టులో బయటికి దగ్గరగా ఉన్న భాగం బాగా పట్టుకుంటే చాలు, లాగుడు పరీక్ష పాసైపోతుంది. లోపల ఖాళీ మిగిలినా తెలియదు. ఆ ఖాళీలోకి నీరు చేరితే షెర్ఫా కథే మళ్లీ మొదలవుతుంది. అందుకే ఎన్ని లీటర్ల సిమెంటు పాలు పట్టాయో ప్రతి రంధ్రానికీ రాయడం, ఆ పాలతో చిన్న క్యూబు దిమ్మలు పోసి, గట్టిపడ్డాక ఎంత బలానికి పగులుతాయో చూడటం లాగుడు పరీక్షతో సమానమైన పనులు. హడావిడి పనుల్లో ముందుగా ఎగిరిపోయేది మాత్రం ఈ రాతపనే.

వలల సంగతి మరీ ఆలస్యంగా తేలింది. ఎంత దెబ్బ తట్టుకుంటాయో చాలాకాలం కాగితం మీద లెక్కే. 2001లో స్విట్జర్లాండ్, 2008లో యూరప్ నిబంధనలు వచ్చాక, రాళ్లను అడ్డుకునే కంచె వలను నిజంగా నిలబెట్టి, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో దిమ్మను దాని మీదికి వదిలి చూడటం పద్ధతిగా మారింది. చిన్న దెబ్బలైతే రెండు వరుసగా, మధ్యలో రిపేరు లేకుండా ఓర్చుకోవాలి.

మన దేశంలో ఈ పాఠం కొంకణ్ రైల్వే ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 2003 జూన్ 22 రాత్రి వైభవ్‌వాడి దగ్గర పట్టాల మీద పడిన రాళ్లకు రైలు పట్టాలు తప్పి 50 మందికి పైగా పోయారు. మరుసటి జూన్‌లో కరంజాడి దగ్గర మళ్లీ అదే. ఆ తర్వాతే అక్కడ వలలు, బోల్టులు పెద్ద ఎత్తున వచ్చాయి, వానాకాలం గస్తీ పెరిగింది.

మన కొండల్లో ఇంకో చిక్కు. తిరుమలది క్వార్ట్‌జైట్, గట్టిరాయే కానీ పగుళ్లమయం. ఇంద్రకీలాద్రిది ఖోండలైట్, వానకు, ఎండకు మెత్తబడి మట్టిగా మారే రాయి. ఒకచోట పాసైన బోల్టు పది అడుగుల అవతల మెత్తబడిన రాతిలో పాసవుతుందని ఎవరూ చెప్పలేరు. పరీక్షకు మంచి రాయి ఉన్న చోటు చూసుకుని లాగితే ఆ అంకెకు విలువ లేదు. 2024 ఆగస్టు 31న బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. అలాంటి చోట ఏ బోల్టు ఏ రోజు ఎంత లాగుడు తట్టుకుందో నంబరు వారీగా రాసిన రిజిస్టరు, ఆ కొండ కింద నిద్రపోయేవాళ్లు అడిగితే చూడగలిగేలా ఉండాలి.