రోబో తనిఖీ టేబుల్ దగ్గర వినిపించే అపోహలు - వాస్తవాలు

విద్యార్థుల రోబోటిక్స్ పోటీల్లో రోబోలను తనిఖీ చేయడం నా పని. టేబుల్ దగ్గరకొచ్చే పిల్లల టెన్షన్‌లో సగం రోబో వల్ల రాదు, రూల్స్ గురించి ఎవరో చెప్పగా విన్న మాటల వల్ల వస్తుంది. మొదటి స్క్రూ బిగించకముందే రూల్ బుక్ చదివేస్తే అందులో చాలా భాగం తగ్గిపోతుంది.

అపోహ: ఏ పోటీకైనా రూల్స్ దాదాపు ఒకటే.

అస్సలు కాదు. ఫస్ట్ (FIRST) అనే సంస్థ నడిపే ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్‌లో రోబోను లెగో భాగాలతోనే కట్టాలి, మోటార్లు నాలుగుకు మించకూడదు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో త్రీడీ ప్రింట్ చేసిన భాగాలు వాడొచ్చు, అల్యూమినియం కోసి సొంతంగా బ్రాకెట్లు చేసుకోవచ్చు. 2004లో మొదలైన వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో రోబోమిషన్ విభాగానికి వస్తే రోబో తనంతట తానే నడవాలి, రిమోట్ కుదరదు. అదే పోటీలో కూడా ఆట ఏటా మారుతుంది. అందుకే నిరుటి సీనియర్లు రాసిచ్చిన నోట్సు మీద ఆధారపడొద్దు. సీజన్ మధ్యలో సవరణలు వస్తుంటాయి కాబట్టి, జట్టులో ఒకరు వాటిని గమనించే బాధ్యత తీసుకోవాలి.

అపోహ: సైజు లిమిట్ అంటే ఛాసిస్ (రోబో చట్రం) కొలత.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో ఆట మొదలయ్యేటప్పుడు రోబో 18 అంగుళాల ఘనంలో ఇమడాలి. రోబోమిషన్‌లో స్టార్ట్‌కు ముందు 25 సెంటీమీటర్ల ఘనం, అందులో కేబుళ్లు కూడా లెక్కే. ఛాసిస్ సరిగ్గా సరిపోతుంది. కానీ వైర్లను కట్టిన జిప్ టై తోక కత్తిరించకుండా వదిలేస్తారు, లేదంటే చివరి నిమిషంలో పొడవు బోల్టు వేస్తారు, దాని కొన నట్టు దాటి బయటికొస్తుంది. కొలత పెట్టెలో పెట్టగానే అది గోడకు తగులుతుంది. "కొంచెమే కదా సార్" అంటారు. కొంచెమైనా ఎక్కువే.

నా సలహా: 18 అంగుళాలు అనుమతిస్తే 17.5కే డిజైన్ చేయండి. ఆ అర అంగుళం తర్వాత చేర్చే సెన్సర్‌కో, వైరుకో పనికొస్తుంది. ఇంకో మాట, స్టార్ట్ అయ్యాక రోబో చేయి ఎంత దూరం చాపొచ్చనేది వేరే రూల్. కొన్ని పోటీల్లో హద్దు ఉండదు, కొన్నింట్లో ఉంటుంది. రెండూ విడివిడిగా చూసుకోండి.

అపోహ: మోటార్లు ఎంత ఎక్కువైతే రోబో అంత బలంగా ఉంటుంది.

అనుమతించిన మోటార్ల జాబితా, వాటి సంఖ్య రూల్ బుక్‌లోనే ఉంటాయి. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో మోటార్లు ఎనిమిది దాటకూడదు, వాటన్నిటికీ ఒక్క 12 వోల్టుల బ్యాటరీయే. రోబో గోడకు ఆనుకుని తోస్తున్నప్పుడు చక్రాలు ఆగిపోతాయి. ఆగిపోయిన మోటారు తిరిగేదానికంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. నాలుగైదు మోటార్లు ఒకేసారి అలా లాగితే బ్యాటరీ వోల్టేజి పడిపోయి కంట్రోలర్ (రోబోలోని చిన్న కంప్యూటర్) రీస్టార్ట్ అవుతుంది, రోబో మైదానం మధ్యలో నిలిచిపోతుంది. కోడ్‌లో తప్పుందేమోనని పిల్లలు గంటలకొద్దీ వెతుకుతారు. ముందుగా బ్యాటరీ కనెక్టర్ వదులుగా ఉందేమో వేలితో కదిపి చూడండి.

ఫ్యూజు కాలిపోతోందని పెద్ద రేటింగ్ ఫ్యూజు వేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వైరును కాపాడటానికే ఫ్యూజు పెడతారు. అది కాలకపోతే వైరు కాలుతుంది.

అపోహ: తనిఖీ చేసేవాళ్లు రోబోను బయటికి పంపడానికే చూస్తారు.

మాకు ప్రతి రోబో మైదానంలోకి వెళ్లాలనే ఉంటుంది. లోపం కనిపిస్తే రూల్ నంబర్ చూపిస్తాం, సరిచేసుకుని మళ్లీ రమ్మంటాం. తనిఖీ పత్రం ముందే దొరికే పోటీల్లో దాన్ని వర్క్‌షాప్‌లోనే నింపి చూసుకోండి. పాసయ్యాక చెప్పుకోదగ్గ మార్పు చేస్తే మాత్రం మళ్లీ చూపించాలి.

అపోహ: అటానమస్ (రిమోట్ లేకుండా రోబో తనంతట తానే నడిచే భాగం) సంగతి చివర్లో చూసుకోవచ్చు.

ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో అది మొదటి 30 సెకన్లు, రోబోమిషన్‌లో ఆటంతా అదే. కొత్త హాలులో వెలుతురు మారితే కలర్ సెన్సర్ రీడింగులూ మారతాయి. ప్రాక్టీస్ సమయం దొరకగానే ముందు కాలిబ్రేషన్ చేసుకోండి, అంటే సెన్సర్‌ను ఆ వెలుతురుకు సరిచేసుకోండి.

అపోహ: రోబో బాగా ఆడితే చాలు.

లెగో లీగ్ ఛాలెంజ్‌లో రోబో ఆట, రోబో డిజైన్, ఇన్నోవేషన్ ప్రాజెక్ట్, కోర్ వాల్యూస్ (జట్టుగా కలిసి పనిచేసే తీరు), ఈ నాలుగింటికీ సమాన విలువ. జడ్జీలు అడిగేది పిల్లలనే. కోచ్ కట్టిన రోబో అయితే "ఈ గేరు ఎందుకు పెట్టారు?" అన్న మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

అపోహ: రెఫరీ తప్పు చేస్తే ఫోన్‌లో వీడియో చూపించి మార్పించుకోవచ్చు.

ఫస్ట్ సంస్థ పోటీల్లో రెఫరీలు వీడియో చూడరు. ప్రశ్న అడగాల్సింది విద్యార్థే, కోచో తల్లిదండ్రులో కాదు. అడిగేటప్పుడు రూల్ నంబర్ చెప్పి, ఆటలో ఏం జరిగిందో వరసగా, మర్యాదగా వివరించమని మీ డ్రైవర్ (ఆటలో రోబోను నడిపే విద్యార్థి) చేత ముందే ప్రాక్టీస్ చేయించండి.